బొచ్చుకుక్కపిల్లా, మా అత్త అలుకూ

మా ఆయన ఆదిలాబాదులో పత్తి మిల్లు గుమాస్తా. పత్తి బండ్లు వస్తున్నన్నాళ్ళూ ఇంటి ముఖం చూసేవాడు కాదు. బండ్లు తగ్గి ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం, నిర్మల్‌లో బస్సు మారి, తల నుంచి కాళ్ళ దాకా దుమ్ముకొట్టుకుని మా అత్తగారి ఊరు ఖానాపూర్‌లో దిగాడు. చేతిలో వెదురుబుట్ట, అందులో తెల్లగా ఏదో. మా అత్త అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతోంది.

“ఏందిరా గిది? ఆడ సాలదని ఇంటికి గూడ పత్తే తెచ్చినవా?” అంది.

బుట్టలో పత్తి తుమ్మింది.

మిల్లు మేనేజరు భార్య పెంచుకునే కుక్క ఈనిందట. ఆవిడ పిల్లల్ని తెలిసినవాళ్ళకు పంచుతుంటే మా ఆయన కూడా చెయ్యి చాపాడు. ఒళ్ళంతా తెల్లటి బొచ్చు, నల్లటి ముక్కు, రెండు నల్లటి కళ్ళు; మిగతా కుక్క ఎక్కడుందో వెతుక్కోవాలి. “పెద్దగైనా గింతనే ఉంటదవ్వా. గిది వాకిట్ల ఉండే కుక్క గాదు, ఇంట్ల ఉండే కుక్క,” అని తల్లికి నచ్చజెప్పాడు. నాకేసి చూడలేదు కానీ, దాన్ని ఎవరి కోసం తెచ్చాడో ఇంట్లో అందరికీ తెలుసు.

“గింతనే ఉంటే పులికి ఒక్క బుక్కకు గూడ సాలదు,” అంది మా అత్త, చేట ఆపకుండానే.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. రాష్ట్రం పేరు మారి ఆంధ్రప్రదేశ్ అయిన కొత్త. మా మామకు ఆ పేరు నోరు తిరిగేది కాదు, హైద్రాబాద్ స్టేటు అనే అనేవాడు. నాకు ఆ ఊరే నోరు తిరగలేదు. మాది కరీంనగర్ దగ్గర పల్లె. అక్కడి నా మాట తీరు ఇక్కడి ఆడవాళ్ళకు వింత. మరాఠీ కలిసిన వాళ్ళ మాట నాకు వింత. వచ్చిన కొత్తలో నేను ఏం మాట్లాడినా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. ఇంకొకతె అయితే ఏడ్చేదేమో. నాకు పుట్టుకతోనే ముక్కు మీద కోపం. మీకు నా మాట నవ్వులాటగా ఉందా, అయితే వినకండి అనుకుని నోరు మూసుకున్నాను. ఏమడిగినా ఊఁ, లేకపోతే ఉహూఁ. నవ్విన వాళ్ళు నాలుగు రోజులకే ఆ సంగతి మరిచిపోయారు. నా కోపం కూడా కొన్నాళ్ళకు చల్లారింది. కానీ అప్పటికే నేను మాట్లాడని కోడలినైపోయాను. మూసిన నోరు మళ్ళీ ఎలా తెరవాలో, ఏ మాటతో మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. మా ఆయన ఊళ్ళో ఉండడు. మా అత్త మనిషి చెడ్డది కాదు కానీ, ఆమె ఒక మాట అంటే దానికి పక్కన ఇంకో మాట పెట్టే ధైర్యం నాకు లేదు.

ఆ కుక్కపిల్లతో మాత్రం మొదటి రోజే మాట్లాడాను. “ఏం పిల్లా, తల్లి యాదికొస్తుందా?” అని అడిగాను. అది నా చీర కుచ్చెళ్ళలో తల దూర్చింది. అంతే, ఆ సాయంత్రం నుంచి గిన్నెలు తోముతూ, జొన్నలు విసురుతూ, దానికి మా ఊరి సంగతులన్నీ చెప్పడం మొదలుపెట్టాను. నా మాట తీరుకు అది నవ్వలేదు. చెవులు రెండూ నిలబెట్టి, ఎంతో పెద్దమనిషిలా వినేది.

ఇక కుక్క ఇంట్లో ఉండడం ముద్దు కోసం కాదు, దాని ప్రాణం కోసం. ఖానాపూర్ చుట్టూ అడవి. ఎండాకాలం వాగులు ఎండిపోతే చిరుతపులులు ఊరి అంచుల దాకా వచ్చేవి. మేకల్ని మనుషులు లోపల పెట్టి తలుపు వేసుకునేవారు. కుక్కలు మాత్రం బయటే. అందుకే ఆ ఊళ్ళో ముసలి కుక్క అనేది నేను చూడలేదు. పొద్దున లేచేసరికి ఏదో ఒక వాడకట్టులో ఒక కుక్క ఉండేది కాదు. ఎవరూ దాన్ని పెద్ద వార్తగా చెప్పుకునేవారు కూడా కాదు. ఊరకుక్కలకైనా పరుగెత్తే కాళ్ళున్నాయి. మా పిల్ల గడప దాటాలంటేనే రెండుసార్లు బోర్లా పడేది.

మా అత్త షరతు మొదటి రోజే పెట్టింది. “ఇంట్ల ఉచ్చ వోయకుంట ఉంటే ఉండనీ. ఇల్లు ఖరాబు చేసిందంటే కొట్టంల కట్టేస్త. మల్ల నన్ననద్దు.” కొట్టం అంటే ఎడ్లు కట్టే చోటు. దానికి తలుపు లేదు, అడ్డంగా ఒక వాసం అంతే. అక్కడ కట్టేయడం అంటే ఏమిటో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆమె షరతులో న్యాయం లేదని అనలేను. మా అత్త అలుకు ఊరందరికీ తెలిసిందే. మట్టి నేల. ప్రతి శుక్రవారం ఆవుపేడ, ఎర్రమట్టి కలిపి, మోకాళ్ళ మీద కూర్చుని, దేవుని మూల నుంచి గడప దాకా వెనక్కి జరుగుతూ అలికేది. అరచెయ్యి తిప్పిన చోటల్లా సగం చందమామ ఒకటి పడేది. ఆరిన తర్వాత చూస్తే చందమామలన్నీ వరుసలో ఉండేవి, ఒకదాని మీద ఒకటి ఎక్కేది కాదు. అంచులకు ఎర్రటి జాజు పూత. తెల్లవారకముందే వాకిట్లో పేడనీళ్ళ సాన్పి, దాని మీద ముగ్గు. ఎవరి ఇంట్లోనైనా పెళ్ళి కుదిరితే ముందు మా అత్తను పిలిచి నేల అలికించుకునేవారు. అలాంటి నేల మీద మా పిల్ల వచ్చిన మొదటి పూటే, సరిగ్గా దేవుని మూలలో, తీరిగ్గా కూర్చుని తన పని చేసింది.

మా అత్త లేచి వచ్చింది. ఆ చోట కడిగి, ఇంత పేడ తెచ్చి, చక్కగా అలికింది. ఆరగానే పిల్ల వచ్చి వాసన చూసి మళ్ళీ అక్కడే చేసింది.

నేను ఏ కష్టం పడలేదని చెప్పకూడదు. పాలు తాగగానే ఎత్తుకుని పెరట్లోకి పరుగెత్తేదాన్ని. నిద్ర లేవగానే పరుగెత్తేదాన్ని. జొన్నపిండి గట్క తిని మూతి నాక్కోవడం పూర్తికాకముందే ఎత్తుకునేదాన్ని. పెరట్లో దింపి, “పో బిడ్డా, పో” అని బతిమాలుతూ ఎండలో నిలబడేదాన్ని. అది కోళ్ళ వెంట పడేది. రాలిన వేపపువ్వు నమిలి ఉమ్మేది. వెల్లకిలా పడుకుని పొట్ట చూపించేది. ఒక్క చుక్క పోయదు. ఇక లాభం లేదని లోపలికి తెస్తే, గడప దాటీ దాటగానే చకచకా నడిచి అలికిన చోటికి పోయి కూర్చునేది. పైగా ఎంత మంచి పని చేశానో చూడు అన్నట్టు నా ముఖంలోకి చూసేది. కోపం రాక ఏమొస్తుంది? ఒక దెబ్బ కూడా వేశాను. ఆ తర్వాత దాన్ని ఒళ్ళో పెట్టుకుని నేనే ఏడ్చాను.

“ముక్కు వట్టి అండ్ల రాయాలె, అప్పుడొస్తది బుద్ధి,” అన్నాడు మా మామ. రాశాం. బుద్ధి రాలేదు, మూతి చుట్టూ తెల్లబొచ్చు మాత్రం వారం రోజులు పసుపురంగులో ఉంది.

మా అత్తకు అది పగబట్టిందనే నమ్మకం కుదిరింది. “సూడు, నేను ఏడ అలికితే ఆడనే. అలకని చోటు దానికి కండ్లకు కానరాదు. నా మీద ఏం కోపమో దీనికి,” అనేది. ఆమె అన్నది అక్షరాలా నిజం. తడిసిన చోటునల్లా ఆమె పేడతో అలికేది. అలికిన చోటునల్లా అది తడిపేది. ఇద్దరూ పంతం పట్టినట్టే ఉండేది. శుక్రవారం వచ్చిందంటే చెప్పక్కర్లేదు. ఇల్లంతా అలికేసరికి దానికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆ గదికీ ఈ గదికీ పరుగులు పెట్టేది.

అలాంటి ఒక శుక్రవారం సాయంత్రం మా అత్త నడుం పట్టుకుని లేచి నిలబడింది. చేతులు మోచేతుల దాకా పేడ. నా వంక చూడకుండా అంది. “ఇంగ నాతోటి గాదు. వచ్చే శుక్రారం నాటికి ఇట్లనే ఉంటే కొట్టంలకే.”

ఆ వారంలోనే పక్క వాడకట్టులో పెద్ద నల్లకుక్క ఒకటి పోయింది. మనుషులనే నిలువరించే కుక్క. పొద్దున దాని గొలుసు మాత్రమే గుంజకు ఉంది. మా మామ వెళ్ళి చూసి వచ్చి, కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. పిల్ల నా కాలి బొటనవేలు కొరుకుతూ ఆడుకుంటోంది.

గురువారం మా ఆయన వచ్చాడు. భోజనాల దగ్గర తల్లి ఫిర్యాదులన్నీ విని, నవ్వి, “ఏం జేస్తదవ్వా, అది పుట్టిందే ఎడ్ల కొట్టంల,” అన్నాడు.

మేనేజరు ఇంట్లో నేలంతా షాబాదు బండలట. కుక్క ఈనగానే బండలు పాడవుతాయని ఆవిడ తల్లినీ పిల్లల్నీ మిల్లు ఎడ్ల కొట్టంలోకి పంపించిందట. అది కళ్ళు తెరిచింది పేడ మీద, మొదటి అడుగు వేసింది పేడ మీద, మొదటి ఉచ్చ పోసింది పేడ మీద.

గరిటె నా చేతిలో ఆగిపోయింది. దానికి పగ లేదు, పాడు లేదు. వాళ్ళ అమ్మ చెప్పిన పద్ధతి అది తూచా తప్పకుండా పాటిస్తోంది. పేడ వాసన ఎక్కడుంటే అదే ఆ పనికి చోటు. మేం రోజూ దానికి ఇంట్లోనే, దేవుని మూల నుంచి గడప దాకా, చోటు చూపిస్తున్నాం. పోసిన ప్రతిసారీ ఇంకాస్త పేడ వేసి, ఇదే, ఇక్కడే అని చెబుతున్నాం. పెరట్లో పొడిమట్టి మీద దింపి పొమ్మంటే పాపం అది నోరులేని జీవి, ఇక్కడెలా పోస్తానే అని ఎలా అడుగుతుంది? కొట్టంలోకి తీసుకుపోదామంటే ఎడ్ల కాళ్ళ కింద నలిగిపోతుందని నేనే దాన్ని ఆ వైపు పోనివ్వలేదు.

తెలిసింది బాగానే ఉంది. చెప్పేదెలా? అంటే, నేను మా అత్తతో అనాల్సిన మాట ఇది: ఇల్లు అలకొద్దు. వాకిట్లో సాన్పి చల్లొద్దు. ఏడాదిగా ఊఁ అన్న నోటితో, అన్నీ వదిలేసి, ఆ మాట. అలకని ఇల్లు, ముగ్గులేని వాకిలి ఊళ్ళో ఒక్కచోటే ఉంటాయి, చావు జరిగిన ఇంట్లో. తెల్లవారితే శుక్రవారం.

నేను మొదలుపెట్టాను. ఎక్కడ మొదలుపెట్టానో గుర్తులేదు కానీ ఆపడం మాత్రం నా వల్ల కాలేదు. కొట్టం, పేడ, వాసన, వాళ్ళమ్మ, మా తప్పు, దాని అమాయకత్వం, అన్నీ మా ఊరి మాటల్లోనే, ఒక్క ఊపిరిలో. “అత్తమ్మా, జర కొన్నొద్దులు ఇంట్ల అలుకకు. వాకిట్ల సాన్పి గూడ వద్దు. పెరట్ల తానాల బండ కాడ ఒక్క జాగల అలుకు. అది ఆడికే వోతది. పోకుంటే నువ్వేం జెప్తె గదే చేద్దాం,” అని ముగించాను.

మా మామ ముద్ద నోటి దగ్గరే పట్టుకుని, “అరె, పిల్లకు మాటలొస్తయే!” అన్నాడు.

మా అత్త నవ్వలేదు. కంచం తీసి, చెయ్యి కడుక్కుని, లోపలికి వెళ్ళిపోయింది. అయిపోయింది అనుకున్నాను.

మర్నాడు పొద్దున లేచి చూస్తే వాకిలి పొడిగా ఉంది. సాన్పి లేదు, ముగ్గు లేదు. మా అత్త పెరట్లో తానాల బండ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. చాపంత మేర చదును చేసి, గులకరాళ్ళు ఏరి, పేడతో అలుకుతోంది. ఆమె చేతికి చెడ్డగా అలకడం రాదు కదా. అక్కడ కూడా సగం చందమామలే, వరుసలు తప్పకుండా. కుక్క ఉచ్చ పోయడానికి అంత చక్కగా అలికిన నేల ఆ జిల్లాలో ఇంకెక్కడా ఉండి ఉండదు. నేను పిల్లను తెచ్చి అక్కడ దింపాను. అది వాసన చూసింది, ఒక చుట్టు తిరిగింది, కూర్చుంది.

మా అత్తా నేనూ దాన్నే చూస్తూ నిలబడ్డాం. అయిపోయాక అది లేచి, నా ముఖంలోకి చూసింది. నేను దాన్ని ఎత్తుకుని ముద్దులతో ఉక్కిరిబిక్కిరి చేశాను. మా అత్త చేతులు కడుక్కుంటూ, “నేనే గద అలికింది, నన్నేమన్న మెచ్చుకుంటున్నవా?” అని గొణిగింది.

ఒక్క రోజులో అంతా కుదురుకోలేదు. ఇంట్లో పాత వాసన ఉన్న మూలలకు అది పోతూనే ఉండేది. ఆ చోట్లను సున్నం నీళ్ళతో కడిగి, ఉత్త మట్టి మెత్తేవాళ్ళం. ఎండలకు పేడలేని నేల పగుళ్ళు బారింది. నడిస్తే దుమ్ము లేచేది. మా అత్త చీర అంచుకు దుమ్ము అంటినప్పుడల్లా ఆమె ముఖం చూడలేకపోయేదాన్ని. రోజూ తెల్లవారకముందే లేచే మనిషి, ఇప్పుడూ లేచేది. చెయ్యడానికి పనిలేక పొడి వాకిలి ముందు ఊరికే కూర్చునేది.

ఇరుగుపొరుగు ఎన్నాళ్ళు ఊరుకుంటారు? ఎదురింటి ఆమె వచ్చి గడప బయటే నిలబడి, “ఏం గాలే గద? ఎవరన్న పోయిండ్రా మీ వాళ్ళు?” అని అడిగింది.

“ఎవ్వరు వోలే. చెయ్యి గుంజుతుంది, అలుకుతలేను,” అంది మా అత్త.

“నీ చెయ్యి గుంజితే కోడలికి ఏమొచ్చె? గింత పడుచుపిల్ల ఇంట్ల వెట్టుకొని...”

నేను తలుపు చాటునే ఉన్నాను. మా అత్త లేచి నిలబడింది. “నేనే వద్దన్న. నా ఇల్లు, నా అలుకు. దానిదేం లేదు,” అని కొంచెం గట్టిగానే అంది. ఎదురింటి ఆమె వెళ్ళిపోయింది. మా అత్త లోపలికి వచ్చి, నన్ను చూసి కూడా చూడనట్టు, పొయ్యి రాజేసింది. ఊళ్ళో తన పేరు నిలబెట్టిన పనిని ఈమె ఎందుకు ఆపుకుంది, కుక్క అంటే ముట్టుకోను కూడా ముట్టుకోదే అని నాకు అంతు పట్టలేదు. అడుగుదామంటే, ఆ ఒక్క రాత్రి తర్వాత నా నోరు మళ్ళీ ఊఁ, ఉహూఁ దగ్గరికే వచ్చింది. జాలి అనుకున్నాను. పులి భయం ఆమెకు కూడా ఉందేమో అనుకున్నాను.

పిల్ల నేర్చుకుంది. మెల్లగా, వెనక్కీ ముందుకూ జరుగుతూ నేర్చుకుంది. మొదట నేను ఎత్తుకుపోతేనే వెళ్ళేది. తర్వాత నా వెంట నడిచి వెళ్ళేది. చివరికి పెరటి తలుపు దగ్గర నిలబడి, ముందుకాలితో తలుపు గీకి, కుయ్‌మని పిలవడం నేర్చుకుంది.

మృగశిర వచ్చింది. మొదటి వాన పడిన సాయంత్రం నేను ముందు గదిలో దీపానికి వత్తి వేస్తున్నాను. పెంకుల మీద వాన హోరు. పిల్ల కుయ్‌మనడం నాకు వినపడలేదు. వెనక తలుపు బార్లా తెరుచుకుని జల్లు లోపలికి కొడుతుంటే పరుగెత్తాను. పెరట్లో, ఇంకా పూర్తిగా చీకటి పడని ఆ వెలుతురులో, మా అత్త నెత్తి మీద గొంగడి కప్పుకుని, చేతిలో దుడ్డుకర్ర పట్టుకుని, కొట్టం వైపూ గోడ వైపూ మార్చి మార్చి చూస్తూ కాపలా నిలబడి ఉంది. గొంగడి కొస ఒకటి ముందుకు చాపి పట్టుకుంది. దాని కింద, ఒక్క బొట్టు మీద పడకుండా, పిల్ల కూర్చుని తన పని కానిస్తోంది.

“అత్తమ్మా, నువ్వెందుకు వోయినవ్? నన్ను పిల్వద్దా?” అన్నాను, వాళ్ళిద్దరూ లోపలికి రాగానే.

మా అత్త గొంగడి దులిపి దండెం మీద వేసింది. పిల్ల కాళ్ళను తన కొంగుతోనే తుడిచింది. అప్పుడు అంది, నా వైపు చూడకుండానే.

“నిన్ను పిలిస్తే ఏమంటవ్? ఊఁ అంటవ్. నాతోటి నువ్వు మాట్లాడేది గంతనే గద. నాకు ఆడపిల్లలు లేరు. కోడలొస్తది, ఇంట్ల నాలుగు మాటలు ఇనవడతయి అనుకున్న. నువ్వొచ్చి ఏడాదాయె, నీ గొంతు ఎట్లుంటదో నాకు తెల్వదు. గిది వచ్చినంక తెల్సింది. నువ్వు దీనితోటి ముచ్చట వెడితే నేను వంటింట్ల పని పక్కకు వెట్టి ఇంటున్న. దీన్ని పులికి వెట్టినంక, మల్ల నువ్వెవ్వరితోటి మాట్లాడుతవ్? నేనెట్ల ఇంట?”

నాకు ఏడుపు ఆగలేదు. సిగ్గు కూడా వేయలేదు. దీపం వత్తి ఇంకా నా వేళ్ళ మధ్యే ఉంది. ఆమె నేల మీద, ఆ దుమ్ములోనే చతికిలబడి, పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. అది హాయిగా ముడుచుకుంది. మళ్ళీ మా అత్తే అడిగింది.

“మొన్న మీ చెల్లె మేకపిల్లను గుమ్మిల దాసిన ముచ్చట చెప్తున్నవ్. అంతల మీ మామ వచ్చిండు, నువ్వు నోరు మూసుకున్నవ్. మేకపిల్లను అమ్మిండ్రా, లేకుంటే దొరకనే లేదా?”

నేను కళ్ళు తుడుచుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. సంతకు తోలుకుపోవడానికి మనిషి వచ్చి వాకిట్లో నిలబడటం, బాపు ఇల్లంతా వెతకడం, గుమ్మిలో వడ్ల మీద కూర్చుని మా చెల్లె మేకపిల్ల మూతి మూసి పట్టుకోవడం, మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.

మా అత్త కొంచెం ముందుకు జరిగింది.

“జర గట్టిగ చెప్పు బిడ్డా,” అంది, “వాన సప్పుడుకు ఇనవడతలేదు.”